బెర్లిన్‌లోని యూదుల స్మారకాన్ని ఎలా చూడాలి?

బ్రాండెన్‌బుర్గ్ గేటు నుంచి దక్షిణంగా అయిదు నిమిషాలు నడిస్తే, రోడ్డు పక్కనే బూడిదరంగు కాంక్రీటు దిమ్మెలతో నిండిన పెద్ద మైదానం వస్తుంది. దానికి గేటూ లేదు, గోడా లేదు. దిమ్మెల మీద పేరు గానీ తేదీ గానీ బొమ్మ గానీ ఉండదు. చాలామంది పావుగంట అటూ ఇటూ తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, ఇదేమిటో పూర్తిగా తెలుసుకోకుండానే బస్సెక్కేస్తారు. తప్పంతా వాళ్లదనలేం. పైన ఉన్న దిమ్మెలు ఏమీ చెప్పవు, చెప్పేదంతా నేల కింద ఉంది. కాబట్టి ఇక్కడ చూసే వరుస ముఖ్యం. ముందు కిందికి దిగాలి, ఆ తర్వాతే దిమ్మెల మధ్యకి వెళ్లాలి.

వెళ్లేముందు ఇంత తెలిస్తే చాలు

దీని అసలు పేరు ‘హత్యకు గురైన ఐరోపా యూదుల స్మారకం’. ‘మరణించిన’ అనో ‘అసువులు బాసిన’ అనో మెత్తగా అనకుండా ‘హత్య’ అనే అన్నారు. బెర్లిన్ వాళ్లు మాటల్లో ‘హోలోకాస్ట్ మాన్‌మాల్’ అంటారు, దారి అడిగేటప్పుడు ఆ పేరే పనికొస్తుంది. నాజీలు, వాళ్లకు తోడైనవాళ్లు కలిసి చంపిన సుమారు 60 లక్షల యూదుల కోసం ఇది కట్టాలని జర్మనీ పార్లమెంటు 1999 జూన్ 25న తీర్మానించింది. అమెరికన్ ఆర్కిటెక్ట్ పీటర్ ఐసెన్‌మన్ రూపకల్పన చేశాడు. 2005 మేలో తెరిచారు.

మన భాషలో ఒక చిక్కుంది. తెలుగు పత్రికలు ఈ హత్యాకాండను ‘మారణహోమం’ అంటాయి. హోమం అంటే దేవుడికి అర్పించేది. ‘హోలోకాస్ట్’ అనే గ్రీకు మాట మూలం కూడా అలాంటిదే, పూర్తిగా దహించి ఇచ్చే బలి. చంపినవాళ్లు ఎవరికీ ఏమీ అర్పించలేదు కదా అని చాలామంది యూదులు ఆ మాటను ఇష్టపడరు. హీబ్రూలో ‘షోవా’ అంటారు, మహావిపత్తు అని అర్థం. అక్కడ ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

ఏ రోజు, ఏ వేళ

దిమ్మెల మైదానం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. నేల కింది సమాచార కేంద్రం కూడా ఉచితమే గానీ దానికి వేళలున్నాయి. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా. మూసే వేళకు ముప్పావుగంట ముందు వెళ్తే దిగీ దిగగానే పైకి రావాలి. వారాంతానికి బెర్లిన్ వచ్చేవాళ్లు చేసే పొరపాటు, స్మారకాన్ని చివరి రోజైన సోమవారానికి వదిలేయడం. క్రిస్మస్ రోజుల్లో వేళలు మారతాయి, వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.

అన్నిటికన్నా మంచి వేళ మంగళవారం నుంచి శుక్రవారంలోపు, ఉదయం సరిగ్గా 10 గంటలు. తలుపు దగ్గర భద్రతా తనిఖీ ఉంటుంది. లోపలికి ఒకసారి ఇంతమందినే అని లెక్కపెట్టి వదులుతారు. వేసవి మధ్యాహ్నాల్లో ఈ వరుస చాలా పొడవు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు పొద్దున్నే వెళ్లడం తప్పనిసరి. మొత్తానికి రెండున్నర గంటలు పెట్టుకోండి. గంటన్నర కింద, గంట పైన.

దారి

బ్రాండెన్‌బుర్గర్ టోర్ స్టేషన్‌లో దిగాలి. అక్కడికి యు5 మెట్రో, ఎస్1, ఎస్2, ఎస్25, ఎస్26 రైళ్లు వస్తాయి. ప్రధాన రైల్వేస్టేషన్ నుంచి యు5లో రెండో స్టాపు. పోట్స్‌డామర్ ప్లాట్జ్ వైపు నుంచి కూడా నడిచి రావచ్చు. నగర పరిధికి చెల్లే ఏబీ జోన్ల టికెట్ సరిపోతుంది. మెషీన్‌లో తీసుకున్న కాగితం టికెట్ మీద ప్లాట్‌ఫారం దగ్గరి డబ్బాలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, 60 యూరోల జరిమానా.

మ్యాప్‌లో ‘కోరా బెర్లినర్ ష్ట్రాసె 1’ అని పెట్టుకోండి. ఆ వీధి పేరు కూడా ఈ కథలో భాగమే. కోరా బెర్లినర్ యూదు ఆర్థికవేత్త, 1942లో నాజీలు ఆమెను బెర్లిన్ నుంచి తరలించి చంపారు. కేవలం ‘జ్యూయిష్’ అని వెతికితే మాత్రం ఫోన్ మిమ్మల్ని క్రాయిట్స్‌బెర్గ్‌లోని యూదుల మ్యూజియానికి తీసుకెళ్లొచ్చు. అక్కడా ఒరిగిన కాంక్రీటు స్తంభాల తోట ఒకటి ఉంది, 49 స్తంభాలు. అదే స్మారకం అనుకుని చూసి వచ్చేసినవాళ్లు ఉన్నారు. రెండూ చూడదగ్గవే, కానీ వేరువేరు చోట్లు.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లకూడదు

ఫ్లాట్ బూట్లు వేసుకోండి. నేలంతా చిన్న రాళ్లు పరిచిన మిట్టపల్లాలు, వాన పడితే జారుతుంది, చలికాలంలో మంచు గడ్డకడుతుంది. సూట్‌కేసులు, పెద్ద బ్యాగులు కిందికి రానివ్వరు. వాటిని స్టేషన్ లాకర్లో పెట్టి రావాలి.

మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది స్వస్తిక్. మెడలో లాకెట్, దేవుడి ఫొటో ఉన్న ఫోన్ కవర్, పెళ్లిలో ఇచ్చిన చేతిసంచి, ఏదో ఒకదాని మీద అది ఉంటుంది, మనం గమనించం కూడా. జర్మనీ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాల ప్రదర్శనను నేరంగా చూస్తుంది. మీది మతచిహ్నమే, ఆ మాట నిజమే. కానీ ఆ చోట, తన ముత్తాతను పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఆ తేడా వివరించే పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు? లాకెట్ చొక్కా లోపలికి వేసుకోండి, సంచి హోటల్లో వదిలేయండి.

ముందు కిందికి

సమాచార కేంద్రం మెట్లు మైదానానికి తూర్పు వైపు, దిమ్మెల మధ్యనే ఉంటాయి. లిఫ్ట్ ఉంది. మొదట వచ్చే నడవలో 1933 నుంచి 1945 దాకా ఏ సంవత్సరం ఏం జరిగిందో గోడ మీద వరుసగా ఉంటుంది. స్కూల్లో ఈ పాఠం ఒక్క పేజీలో ముగించుకున్న మనకి ఇక్కడ పావుగంట పడుతుంది. హడావుడి పడొద్దు, మిగతా గదులు అర్థం కావాలంటే ఇదే పునాది. నడవ చివర ఆరు పెద్ద ఫొటోలు, ఆరు ముఖాలు.

తర్వాత నాలుగు గదులు. మొదటిదాంట్లో నేలలో వెలిగే గాజు పలకల కింద డైరీ పుటలు, చివరి ఉత్తరాలు. తల దించుకుని చదవాలి. గోడ చుట్టూ పైన ఏ దేశంలో ఎంతమందిని చంపారో అంకెలు తిరుగుతాయి. చాలామంది ముందు అంకెలు చూసి ఉత్తరాల మీదుగా నడిచేస్తారు. తిరగేసి చేయండి. ఒక్క ఉత్తరం పూర్తిగా చదివాక తలెత్తి అంకె చూడండి. రెండో గదిలో 15 కుటుంబాల ఫొటోలు, కాగితాలు ఉన్నాయి. పదిహేనూ చూడాలనుకుంటే ఏదీ మిగలదు. రెండు కుటుంబాలను ఎంచుకుని, యుద్ధానికి ముందు వాళ్లు ఎలా బతికారో, ఎవరెవరు ఎక్కడ చనిపోయారో చివరిదాకా చదవండి.

మూడోది పేర్ల గది. చీకటిగా, ఖాళీగా ఉంటుంది. చంపబడిన ఒక్కొక్కరి పేరు, పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు నాలుగు గోడల మీదా వెలుగుతాయి, వారి జీవితాన్ని రెండు మూడు వాక్యాల్లో జర్మన్‌లో, ఇంగ్లీషులో వినిపిస్తారు. తర్వాత ఇంకొకరు. అందరి గురించీ ఇలా చదవాలంటే 6 ఏళ్ల 7 నెలల 27 రోజులు పడుతుంది. తలుపు దగ్గర నిలబడి తొంగిచూసి వెళ్లేవాళ్లకి ఈ గది ఏమీ ఇవ్వదు. బెంచీ మీద కనీసం పది నిమిషాలు కూర్చోండి, మధ్యలో ఫోన్ తీయొద్దు. నాలుగో గది శిబిరాలు, కాల్చిచంపిన లోయలు, యూదులను బంధించి ఉంచిన వాడలైన ఘెట్టోల గురించి. ఈ హత్యలు ఆష్విట్జ్ శిబిరం ఒక్కచోటే జరిగాయన్న అపోహ ఇక్కడ పోతుంది.

టాయిలెట్లు కింద ఉన్నాయి, పైకి వచ్చేముందే చూసుకోండి. పన్నెండు, పదమూడేళ్లలోపు పిల్లలను కిందికి తీసుకెళ్లకపోవడమే మంచిది. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే వంతులు వేసుకోండి.

తర్వాత దిమ్మెల మధ్యకి

మొత్తం 2,711 దిమ్మెలు, 19,000 చదరపు మీటర్ల స్థలం. ప్రతి దిమ్మె పొడవు 2.38 మీటర్లు, వెడల్పు 95 సెంటీమీటర్లు, అన్నిటికీ ఒకటే కొలత. ఎత్తు మాత్రం మారుతుంది. అంచుల్లో నేలకి సమంగా ఉన్నవి మధ్యలో 4.7 మీటర్ల దాకా లేస్తాయి. దిమ్మె పెరుగుతున్నప్పుడే నేల కూడా కిందికి దిగుతుంది కాబట్టి మునిగిపోతున్నట్టు ఉంటుంది. 2,711 అనే అంకెకి అర్థం ఏమిటని గైడ్లు రకరకాల లెక్కలు చెబుతారు. ఐసెన్‌మన్ మాత్రం దానిలో ఏ సంకేతమూ లేదన్నాడు.

సందు వెడల్పు కూడా 95 సెంటీమీటర్లే. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. అది కావాలనే చేసింది, కాబట్టి దాన్ని తప్పించుకోవద్దు. గుంపుగా వచ్చినా విడిపోయి ఒక్కొక్కరూ ఒక్కో సందులో వెళ్లండి. అంచున ఉన్న చోటు నుంచి మధ్యకి, అక్కడ కాసేపు ఆగి, తిరిగి ఇంకో వైపు బయటికి. మలుపుల దగ్గర నెమ్మదిగా ఉండండి, పక్క సందులోంచి వచ్చేవాళ్లు కనిపించరు. విడిపోయేముందే ఎక్కడ కలుసుకోవాలో అనుకోండి. పడమర వైపు చెట్ల కింద అనుకుంటే సులువు. ఇది ఎందుకంటే, లోపల మనిషి కనిపించకపోతే మనం చేసే మొదటి పని పేరు పెట్టి గట్టిగా పిలవడం. అక్కడ కేకలు నిషేధం.

దిమ్మెల మీదికి ఎక్కడం, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకడం, పొగ, మద్యం, సైకిలు, కుక్కలు, ఇవన్నీ కూడా నిషేధమే. అంచున ఉన్న పొట్టి దిమ్మెల మీద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు, వాళ్లని చూసి మీరు టిఫిన్ డబ్బా తెరవకండి. పిల్లలకి ఆ చోటు దాగుడుమూతల కోసమే కట్టినట్టు అనిపిస్తుంది, వాళ్ల తప్పు కాదు. అందుకని ముందే చెయ్యి పట్టుకోండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకి వాలు తక్కువగా ఉన్న 13 సందులు ఉన్నాయి, ఏవో సమాచార కేంద్రంలో చెబుతారు.

దిమ్మెల మీద ఎవరైనా రంగులతో రాసినా ఆ రాతలు నిలవకుండా ఒక పూత ఉంది. ఆ పూత సరఫరా చేసింది డెగుస్సా అనే జర్మన్ రసాయనాల సంస్థ. గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్-బి తయారుచేసిన సంస్థలో ఈ డెగుస్సాకి వాటా ఉండేదని 2003లో పెద్ద గొడవై పని ఆగింది. చివరికి ఆ పూతతోనే కట్టడం కొనసాగించారు. దిమ్మె మీద చెయ్యి వేసినప్పుడు గుర్తుంచుకోవాల్సిన కథ ఇదీ.

ఫొటో తీయొచ్చు. దిమ్మెల వరుసలు, ఆకాశం, వెలుగునీడలు తీయండి. గాల్లోకి ఎగురుతూ, పోజులిస్తూ తీసుకున్నవి వద్దు. వెనక దుఃఖంలో నిలబడ్డ మనిషి ఫ్రేములో పడుతున్నాడేమో కూడా చూసుకోండి.

చెప్పులు విప్పడం, దండం పెట్టడం అక్కడి పద్ధతి కాదు, పెడితే తప్పూ లేదు. యూదులు సమాధి దగ్గర పూలకన్నా చిన్న రాయి పెడతారు. ఇక్కడ సమాధి లేకపోయినా దిమ్మెల మీద అక్కడక్కడా గులకరాళ్లు కనిపిస్తాయి. వాటిని తీయొద్దు.

సాయంత్రం మిగిలితే

పక్కనే హిట్లర్ బంకర్ ఉన్న చోటు ఉందని అందరూ అటు పరిగెడతారు. అక్కడ కార్ల పార్కింగ్, ఒక బోర్డు తప్ప ఏమీ లేవు, కావాలనే అలా వదిలేశారు. ఆ టైమ్‌లో గ్రూనెవాల్డ్ స్టేషన్‌కి వెళ్లండి. యు5లో ప్రధాన స్టేషన్‌కి వచ్చి, అక్కడ పోట్స్‌డామ్ వైపు వెళ్లే ఎస్7 ఎక్కాలి, సుమారు 20 నిమిషాలు. ఇదీ ఏబీ జోన్లలోనే ఉంది. అయితే సింగిల్ టికెట్ ఒక వైపు ప్రయాణానికి, రెండు గంటలకే చెల్లుతుంది, రోజు టికెట్ తీసుకోవడం తెలివైన పని. స్టేషన్‌లో ‘గ్లైస్ 17’ (17వ నంబరు పట్టాలు) అన్న గుర్తు పట్టుకుని మెట్లెక్కండి.

బెర్లిన్ యూదులను శిబిరాలకు తరలించిన ప్లాట్‌ఫారం ఇది. పట్టాల అంచు పొడవునా 186 ఇనుప పలకలు పరిచారు. ఒక్కో పలక ఒక్కో రైలు: తేదీ, ఎంతమంది, బెర్లిన్ నుంచి ఎక్కడికి. మొదటిది 1941 అక్టోబరు 18, చివరిది 1945 మార్చి 27. కొన్నింటి మీద వెయ్యి దాటిన సంఖ్యలు, కొన్నింటి మీద పదుల్లోనే. పట్టాల మధ్య పెరిగిన చెట్లను కొట్టకుండా ఉంచారు, ఇక ఏ రైలూ ఇక్కడి నుంచి కదలదని. పలకల మీద అక్షరాలు అంచున ఉంటాయి కాబట్టి వాటి మీదే నిలబడి చదవాలి, తడిగా ఉన్నప్పుడు కాలు జారుతుంది.

బెర్లిన్ వీధుల్లో నడిచేటప్పుడు కింద కూడా చూస్తూ ఉండండి. ఇళ్ల గుమ్మాల ముందు 10 సెంటీమీటర్ల ఇత్తడి పలకలు కనిపిస్తాయి, కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ మొదలుపెట్టినవి, ఐరోపా అంతటా లక్షకు పైగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేరు, పుట్టిన ఏడు, చంపిన చోటు వాటి మీద చెక్కి ఉంటాయి. పేరున్న కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకి వీటిని చూడగానే ఇబ్బందిగా ఉంటుంది. మ్యూనిక్ నగరం సరిగ్గా ఆ కారణంతోనే తన వీధుల్లో వీటిని పెట్టనివ్వలేదు. కానీ చదవాలంటే ఎవరైనా సరే వంగాల్సిందే. పక్కకి జరిగి, వంగి, పేరు పైకి చదివి ముందుకు వెళ్లండి.