గ్రాస్ (మ్యాపుల జీఐఎస్ సాఫ్ట్‌వేర్)లో మ్యాప్ స్క్రిప్ట్ నడిపితే తెల్ల బొమ్మ వస్తోందా? ముందు రీజియన్ చూడండి

సమస్య: నల్గొండ జిల్లా చెరువులు, కాలువలు, మండలాల హద్దులు తెర మీద చక్కగా పేర్చుకున్నారు. మ్యాప్ గీసే విండోను నడిపే డి.మాన్ కమాండ్‌కు మైనస్ సి ఇచ్చి ఆ కమాండ్లన్నీ ఫైల్లో దాచుకున్నారు. కొన్నాళ్లకు అదే ఫైల్‌ని స్క్రిప్ట్‌గా నడిపితే పీఎన్‌జీ తయారవుతుంది గానీ తెల్లగా ఉంటుంది. లేదా ఒక మూల ముక్క మాత్రమే వస్తుంది, ఎత్తుల మ్యాప్ గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు.

ఆ ఎర్రర్ రాకపోవడమే అసలు ఆధారం. మ్యాప్ పేరు తప్పైతే దొరకలేదని గ్రాస్ చెప్తుంది. రీజియన్, అంటే ఏ ప్రాంతాన్ని ఎంత సెల్ (గడి) సైజుతో గీయాలో చెప్పే అమరిక, తప్పైతే ఏమీ చెప్పదు. అందుకే కలర్లు, లేయర్ల వరుస మార్చుకుంటూ కూర్చోకుండా, అదే సెషన్‌లో జి.రీజియన్ మైనస్ పి కొట్టి ఇప్పుడున్న రీజియన్ చూడండి. దయచేసి ఈ ఒక్క పని ముందు చేయండి. చాలామంది సాయంత్రం దాకా తంటాలు పడి చివరికి చేసేది ఇదే.

కారణం: డి.మాన్ ఇచ్చే జాబితాలో డి. తో మొదలయ్యే కమాండ్లే ఉంటాయి. ఏ ప్రాంతం, ఎంత సెల్ సైజు అన్నది అందులో ఉండదు. అది మ్యాప్‌సెట్‌లో (గ్రాస్ మీ మ్యాపులు దాచే ఫోల్డర్‌లో) విండ్ అనే ఫైల్లో ఉంటుంది, ఎవరు చివర మార్చితే అదే నిలుస్తుంది. నిన్న డిండి పరీవాహకం లెక్క కోసం రీజియన్ అక్కడ పెట్టి వదిలేస్తే, ఇవాళ నకిరేకల్ చెరువుల స్క్రిప్ట్ డిండి దగ్గరే గీస్తుంది. అక్కడ నకిరేకల్ చెరువులు లేవు, బొమ్మ తెల్లగానే వస్తుంది. ఇంకా మోసం చేసే విషయం ఏమిటంటే, మ్యాప్ విండోలో మౌస్‌తో జూమ్ చేసినంత మాత్రాన ఈ రీజియన్ మారదు. కళ్ల ముందు నకిరేకల్ కనిపిస్తుంది కాబట్టి రీజియన్ మీద అనుమానమే రాదు.

పరిష్కారం: స్క్రిప్ట్ మొదట్లోనే రీజియన్ పెట్టండి. ప్రాంతం హద్దులు మండలాల వెక్టర్ (గీతల మ్యాప్) నుంచి, సెల్ సైజు ఎత్తుల రాస్టర్‌కు (గళ్ల మ్యాప్‌కు) అలైన్ చేసి తీసుకోండి. అయితే నేరుగా పెడితే మీరు చేస్తున్న ఇంకో పని రీజియన్ చెడిపోతుంది. అందుకే జి.రీజియన్‌కు మైనస్ యు (ఇప్పుడున్న రీజియన్ మార్చొద్దని) ఇచ్చి, సేవ్ ఆప్షన్‌తో ఒక పేరు మీద దాచి, ఆ పేరును విండ్_ఓవర్‌రైడ్ వేరియబుల్‌లో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. స్క్రిప్ట్ వరకే అది వర్తిస్తుంది. ఓవర్‌రైట్ కూడా ఇవ్వండి, లేకపోతే రెండోసారి ఆ పేరు ఇప్పటికే ఉందని ఆగిపోతుంది.

ఉత్తరం, తూర్పు అంకెలు చేత్తో రాయకండి. నల్గొండ యూటీఎం (మీటర్లలో చోటు చెప్పే మ్యాప్ కొలతల పద్ధతి) 44వ జోన్, నారాయణపేట 43. నల్గొండ ఈస్టింగ్ (తూర్పు అంకె) 3 లక్షల మీటర్ల పైచిలుకు, నారాయణపేటది తన జోన్‌లో 7.5 లక్షలు దాటుతుంది. ఇక్కడి అంకెలు అక్కడి లొకేషన్‌లో (ఒకే కొలతల పద్ధతి వాడే గ్రాస్ ప్రాజెక్ట్‌లో) పెడితే మళ్లీ తెల్ల బొమ్మే.

వెక్టర్లు కనిపించి రాస్టర్ మాత్రమే మాయమైతే పాత మాస్క్ (రాస్టర్‌లో కొంత భాగాన్ని దాచే మ్యాప్) ఉండిపోయి ఉండొచ్చు, ఆర్.మాస్క్ మైనస్ ఆర్‌తో తీసేయండి. వేరే మ్యాప్‌సెట్ మ్యాపులైతే పేరు పక్కన @ పెట్టి మ్యాప్‌సెట్ పేరు రాయండి. విండోస్‌లో రాసిన ఫైల్ లైనక్స్‌లో నడవకపోతే లైన్ చివర్లు మార్చాలి, అది అరుదు.