ఫ్యామిలీ థెరపిస్ట్ అవ్వాలంటే ఎటు వెళ్లాలి?

మా కోనసీమలో మొగుడూ పెళ్లాలకి పడకపోతే ముందు మేనమామ దిగుతాడు, తర్వాత పెద్దమనుషులు, అదీ అయ్యాక పోలీస్ స్టేషన్. నేను ఈ చదువు చదువుతానంటే మా నాన్నగారు "తగువు తీర్చడానికి డిగ్రీ ఎందుకే" అన్నారు. తగువు తీర్చేవాళ్లు తీర్పు చెప్తారండి, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించే మా ఫ్యామిలీ థెరపిస్టులం చెప్పం, తేడా అక్కడే ఉంది.

ముందే తెలుసుకోవాల్సింది ఏంటంటే, మన దేశంలో ఫ్యామిలీ థెరపిస్ట్ పేరుతో విడిగా లైసెన్స్ లేదు. అమెరికాలో ఉంది, కాలిఫోర్నియాలో అయితే మాస్టర్స్ చదవడంతో పాటు 3,000 గంటలు సీనియర్ల పర్యవేక్షణలో పనిచేయాలి. నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు అక్కడివే, వాటిని పట్టుకుని ఇక్కడ కాలేజీలు వెతికితే తల తిరుగుతుంది.

ఇక్కడ దారులు రెండు. ఒకటి, సైకాలజీలో డిగ్రీ, పీజీ, ఆపైన ఓ పైకోర్సు చేసి క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వడం. రెండోది, ఏ డిగ్రీ అయినా చదివి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఆపైన సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లోకి, అంటే మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో చేసే పనిలోకి వెళ్లడం, నేను వచ్చింది ఇలాగే. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి. మనకి దగ్గర్లో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, సోషల్ వర్క్ విభాగాలు రెండూ ఉన్నాయి. పైచదువుకి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ అయితే మరీ మంచిది, అక్కడ కుటుంబాల కోసమే ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ నడుస్తోంది. ఇన్నాళ్లూ ఈ పైకోర్సు ఎం.ఫిల్ పేరుతో ఉండేది, యూజీసీ దానికి 2025-26 వరకే గడువిచ్చింది కాబట్టి క్లినికల్ సైకాలజీ వైపు వెళ్లేవాళ్లు కొత్త కోర్సుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. దూరవిద్యలో సైకాలజీని కూడా 2025 నుంచి ఆపేశారు.

నేనైతే మొదట్లో ఆర్నెల్ల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కి నలభై వేలు తగలేశాను. ఇంటర్వ్యూలో దాన్ని తిప్పి కూడా చూడలేదు.

పని ఎలా ఉంటుందంటే, ముందు కాగితం మీద మూడు తరాల కుటుంబాన్ని గీస్తాం, మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, తెగిన సంబంధానికి గీత మీద అడ్డగీతలు. ఓసారి భార్య కువైట్‌లో, భర్తా అత్తగారూ నా ఎదురుగా. శుక్రవారం ఆవిడకి సెలవని ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి వీడియో కాల్‌లో కూర్చోబెట్టాం. ఏం అడిగినా కొడుకు బదులు అత్తగారే జవాబు. ఆవిణ్ణి ఆపలేదు, కొడుకునే "మీ అమ్మగారు మీ తరఫున మాట్లాడుతుంటే అక్కడ మీ ఆవిడ మొహం ఎలా ఉంది?" అని అడిగాను. అతను ఫోన్ వైపు తిరిగి చూడటం ఆ గంటలో అదే మొదటిసారి. ఇలాంటి ప్రశ్న నోటికి రావాలంటే పుస్తకం చాలదు, పక్కన సీనియర్ కూర్చుని మన తప్పులు చెప్పాలి. అందుకే ప్రాక్టికల్స్ లేని కోర్సుల జోలికి వెళ్లొద్దంటాను.

ఉద్యోగాలంటారా, ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాలు, మద్యం మాన్పించే సెంటర్లు, ఫ్యామిలీ కోర్టు కౌన్సెలింగ్, హింసకి గురైన ఆడవాళ్లకి సాయపడే, జిల్లాల్లో ఉండే సఖి కేంద్రాలు, ఎన్జీవోలు. చాలావరకు కాంట్రాక్టే, మొదట్లో జీతాన్ని హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే తమ్ముడితో పోల్చుకుంటే ఏడుపొస్తుంది.

సొంతంగా పెట్టుకుంటే మాత్రం మెయిన్ రోడ్డు మీద గది తీసుకోకండి. మీ దగ్గరికి ఎవరొచ్చారో ఎదురుగా కిళ్లీకొట్టు ఆయనకి తెలిస్తే సాయంత్రానికి గోదావరి లంక ఊళ్ల దాకా తెలుస్తుంది. మెట్లు వెనకవైపు ఉన్న గది చూసుకోండి, ఆయ్.