దెయ్యాల క్యాసెట్ల పాఠాలు, మూడో భాగం: ముందు కాపీని చదవండి

తక్కువ డబ్బుతో తీసిన దెయ్యం సినిమాల పాత వీడియో క్యాసెట్లు ఎక్కడ వెతకాలి, ఎంతకి కొనాలి అన్నది మొదటి రెండు భాగాల్లో చూశాం. ఈపాటికి కొందరు రాజమండ్రి, పాలకొల్లు, అమలాపురం పాత సామాన్ల కొట్లు తిరిగి నాలుగు క్యాసెట్లు సంపాదించి ఉంటారు. ఇంకొందరికి సొంత ఇంట్లో అటక మీదే దొరికి ఉంటాయి. ముఖ్యంగా కోనసీమలో, కువైట్ నుంచో మస్కట్ నుంచో వచ్చేటప్పుడు టీవీతోపాటు వీసీఆర్ డెక్కు, దాని వెంట ఓ సంచీడు క్యాసెట్లు తెచ్చుకున్న ఇళ్ళకి కొదవ లేదు. సరే, క్యాసెట్ చేతికొచ్చింది. తొందరపడి డెక్కులో పెట్టేయకండి.

ఈ భాగంలో మనం నేర్చుకునేది కాపీని చదవడం. తక్కువ డబ్బుతో తీసిన దెయ్యం సినిమా అనగానే "చీకట్లో ఏమీ కనపడదండీ, రంగులు కారిపోతుంటాయి, కథ మధ్యలో ఓ ముక్క ఎగిరిపోతుంది" అంటారు చాలామంది. ఆ లోపాల్లో చాలావరకు సినిమా తీసినవాళ్ళవి కావు, మన చేతికొచ్చిన కాపీవి. ఏది ఎవరి తప్పో విడదీయడం రాకపోతే ఈ సినిమాల్ని మెచ్చుకోవడమూ రాదు, తిట్టడమూ రాదు.

జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సంగతే చూడండి. పిట్స్‌బర్గ్‌లో ప్రకటనల సినిమాలు తీసుకునే కుర్రాళ్ళు దాదాపు 1,14,000 డాలర్లతో తీశారు దాన్ని. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. విడుదలకి ముందు సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ ప్రకటన పడలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా మీద హక్కు పోయింది. వీడియో రోజులొచ్చాక ఎవరికి దొరికిన అరిగిపోయిన ప్రింటుతో వాళ్ళు క్యాసెట్లు వేశారు, ఆ క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్, దాన్నుంచి ఇంకోటి. అలాంటి కాపీల్లో రాత్రి సీన్లు తారు పూసినట్టుంటాయి, మొహాలు సున్నంలా తెల్లగా పాలిపోతాయి, అది చూసినవాళ్ళు "పాపం, లైటింగ్ కూడా చేతకాలేదు" అనుకున్నారు. 2016లో అసలు నెగెటివ్ నుంచి 4కె లో బాగుచేసిన రూపం వచ్చింది, 2018లో అది పాత సినిమాల్ని డిస్కులుగా వేసే క్రైటీరియన్ సంస్థ డిస్కుగానూ దొరికింది. అందులో చూస్తే ఆ ఇంట్లో ప్రతి నీడా కావాలని పెట్టినదేనని తెలుస్తుంది. సినిమా అదే, కుర్రాళ్ళూ వాళ్ళే. అన్నేళ్ళపాటు వాళ్ళు మోసిన చెడ్డపేరు చాలావరకు కాపీలది. నాకు ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు మీ క్యాసెట్ తీసుకోండి. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని పైనున్న ప్లాస్టిక్ అద్దంలోంచి టేపు చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా, సమంగా ఉంటే మంచిదే. తెల్లటి పొడి మచ్చలో, సన్నటి పోగుల్లాంటివో కనిపిస్తే బూజు పట్టిందని అర్థం. మన డెల్టాలో క్యాసెట్లకి మొదటి శత్రువు ఇదే. కాలవలు, చేలు, పక్కన సముద్రం, ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి తడిగానే ఉంటుంది. బూజు పట్టిన క్యాసెట్ ఒక్కసారి ఆడించినా డెక్కులో టేపుని చదివే హెడ్లకి ఆ మురికి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా ఎక్కుతుంది. కాబట్టి దాన్ని వెంటనే విడిగా ఓ పాలిథిన్ కవర్లో కట్టేసి పక్కన పెట్టండి. ముట్టుకునేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి, ఆ పొడి పీల్చకూడదు. బూజు తుడిచే పద్ధతి పెద్దది, దానికి ఓ భాగం మొత్తం కావాలి, తర్వాత చెబుతాను.

అద్దంలోంచి బాగానే కనిపిస్తే, పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి ముందు మూత ఎత్తండి. లోపల టేపు మీద వేలు పెట్టకండి, చూడండి చాలు. అర అంగుళం వెడల్పున్న ఆ టేపులో బొమ్మ అడ్డంగా, ఏటవాలు గీతలుగా ఉంటుంది. పై అంచున మామూలు సౌండ్ ట్రాక్, కింది అంచున బొమ్మని కుదురుగా నడిపించే కంట్రోల్ ట్రాక్. ఇది గుర్తుంటే రోగం పట్టుకోవడం తేలిక. కింది అంచు నలిగితే బొమ్మ ఎగురుతుంది, డెక్కు మీద బొమ్మని సర్దే ట్రాకింగ్ ఎంత తిప్పినా నిలబడదు. పై అంచు నలిగితే బొమ్మ బాగుండి గొంతులు వణుకుతాయి. దెయ్యం గొంతు వణికితే దర్శకుడు అలా చేయించాడని మురిసిపోయే ముందు హీరోయిన్ గొంతు కూడా వణుకుతోందేమో చూసుకోండి.

ఆ తర్వాత డెక్కు వంతు. ముందు పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి, పాత పెళ్ళి వీడియో కాదు సుమా, అలాంటిది మళ్ళీ దొరకదు, ఏదైనా ఖాళీ క్యాసెట్ పెట్టి ఆడించండి. డెక్కు టేపుని నమలకుండా ఉంటేనే అసలుది పెట్టండి. ఏళ్ళ తరబడి కదలని క్యాసెట్‌ని ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్ళీ మొదటిదాకా రివైండ్ చేయాలి, చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఇక్కడే విడిపోతాయి. లోపల హెడ్లు బిగించిన డ్రమ్ము నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. అంత వేగంలో చిన్న మురికి కూడా పెద్ద గీతై కనిపిస్తుంది. శుభ్రం చేయాలంటే ప్లగ్ పీకేసి, నూలుపోగులు రాలని మెత్తటి తోలు ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్ము మీద ఆనించి పట్టుకుని, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పండి. పైకీ కిందకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అసలు వాడొద్దు, పోగులు హెడ్డుకి చిక్కుకుంటాయి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్ ఆపేశాక కొత్త వీసీఆర్ తయారుచేసేవాళ్ళు లేరు. మీ దగ్గరున్న డెక్కుని బతికించుకోవడమే.

దాచుకోవడం గురించి త్వరగా చెప్పేస్తాను. అటక వద్దు, పెంకుల కింద వేసవి వేడికి టేపు సాగుతుంది. బయటి గోడకి ఆనించిన బీరువా వద్దు, వానాకాలంలో ఆ గోడ చెమ్మ పీలుస్తుంది. గట్టిగా మూత పడే డబ్బాలో, నిలువుగా, పూర్తిగా రివైండ్ చేసి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, రంగు మారగానే పొట్లాలు మార్చండి. కలరా ఉండలు పక్కన పెట్టొద్దు, ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సంక్రాంతి తర్వాత గాలి కాస్త పొడిబారినప్పుడు ఒకసారి అన్నీ తీసి చూసుకోండి, కానీ అప్పడాల్లా ఎండలో ఆరబెట్టకండి.

ఇక అసలు చదువు. క్యాసెట్ ఆడుతోంది. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపండి. దాన్ని అందరూ దాటేస్తారు, మనకి మాత్రం ముఖ్యం. దాని మీద సినిమా పొడవు మీటర్లలో ఉంటుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. పొడవు 3,950 మీటర్లు అని ఉందనుకోండి, 27.4తో భాగిస్తే సుమారు 144 నిమిషాలు, అది థియేటర్లో నడిచిన నిడివి. సర్టిఫికెట్ ఎడమవైపు కింద త్రికోణం గుర్తుంటే కోతలు పడ్డాక ఇచ్చిన సర్టిఫికెట్ అని తెలుసుకోండి.

ఇప్పుడు క్యాసెట్ నిడివి గడియారం పెట్టుకుని చూడండి. అది 138 నిమిషాలు వచ్చిందనుకోండి. "ఆరు నిమిషాలు కోసేశార్రా!" అని కంగారు పడొద్దు. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతి వీడియో 25. ఫిల్ముని పాల్‌లోకి ఎక్కించేటప్పుడు మామూలుగా కాస్త వేగంగా నడుపుతారు, అందువల్ల నిడివి నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది, గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. 144ని 0.96తో గుణిస్తే 138 చిల్లర. అంటే మీ కాపీ నిండుగానే ఉంది. అదే 125 వచ్చిందనుకోండి, అప్పుడు వెతకాలి. పాటలు లేపేశారా, రీలు మారేచోట ముక్క పోయిందా, కామెడీ ట్రాక్ తీసేశారా అన్నది. ఈ లెక్క రెండు నిమిషాల పని. ఇది వచ్చిననాడే మీరు సేకరణ మొదలుపెట్టినట్టు.

అమెరికా నుంచి తెప్పించుకున్న క్యాసెట్లతో ఈ గుణకారం పనికిరాదు. అవి అమెరికా వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, వాటిలో సినిమా దాదాపు అసలు వేగంతోనే నడుస్తుంది. మామూలు పాల్ డెక్కులో పెడితే బొమ్మ రంగు లేకుండా దొర్లుతుంది. క్యాసెట్ పాడైందనుకుని పారేయకండి, రెండు పద్ధతులూ ఆడించే మల్టీసిస్టమ్ డెక్కున్న ఇల్లు వెతకండి. గల్ఫ్ డెక్కుల్లో చాలావాటికి ఆ సౌకర్యం ఉంటుంది.

రంగు, చీకటి విషయానికొస్తే, వీహెచ్ఎస్ టేపులో, అంటే మన మామూలు వీడియో క్యాసెట్లో, వెలుగునీడలకి ఇచ్చిన చోటుతో పోలిస్తే చిన్న వంతే రంగుకి దక్కుతుంది. అందుకే ఎరుపు తన గీత దాటి పక్కకి పాకుతుంది. హిందీలో దెయ్యం సినిమాలు తీసిన రామ్సే సోదరుల సినిమాలు చూసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. తులసి, శ్యామ్ దర్శకత్వం, గంగు కెమెరా, కుటుంబమంతా కలిసి తక్కువ ఖర్చులో తీసేవాళ్ళు. 'పురానా మందిర్' 1984లో వచ్చింది, 'వీరానా' 1988లో. పొగ వదిలి, దాని వెనకనుంచి ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు కొట్టడం వాళ్ళ పని. పొగ ఉంటే సెట్టు గోడ చివర ఎక్కడ ముగిసిందో కనపడదు, రంగు లైటు ఉంటే అట్టముక్క కూడా పాత కోట అవుతుంది. డబ్బు లేకపోవడం నుంచి పుట్టిన తెలివి అది, నేను మనస్ఫూర్తిగా గౌరవించే తెలివి. కానీ క్యాసెట్లో ఆ ఎరుపంతా ముద్దైపోయి 'పురానా మందిర్' రాక్షసుడు సామ్రీ మొహం ఎక్కడుందో తెలియదు. ఆ రాక్షసుడి వేషం వేసిన అనిరుద్ధ్ అగర్వాల్ మొహంలో కదలిక మీకు దక్కాలంటే టీవీలో కలర్ సగానికి తగ్గించి చూడండి. ముడతలు, కళ్ళు బయటపడతాయి.

సీడీ మీద సినిమా వేసిన వీసీడీ రోగం వేరు. 352 బై 288 చుక్కల బొమ్మ, దాన్ని బాగా కుదించి ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాలు పట్టించారు. చీకటి సీన్లో పొగ కదిలితే చాలు, బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. పైగా డిస్కు మార్చాల్సిన చోటు తలుపు మెల్లగా తెరుచుకుంటున్న సీన్ మధ్యలో పడితే దర్శకుడు పోగేసిన టెన్షన్ అంతా అక్కడే పోతుంది. అయినా వీసీడీల్ని తీసిపారేయకండి. కొన్ని సినిమాలు ఆ రూపంలో తప్ప ఇంట్లో చూసుకునేలా రానే లేదు. డీవీడీ దొరికితే సగం బాధలు తీరినట్టే, బయటి దేశాలవి కొనేటప్పుడు మాత్రం డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే రీజియన్ గుర్తు మనకి 5 అని, బ్లూరే అయితే సి అని గుర్తుంచుకోండి. 'బంద్ దర్వాజా', 'పురానా మందిర్' లాంటివి మోండో మకాబ్రో అనే విదేశీ సంస్థ డీవీడీలుగా వేసింది. మన క్యాసెట్లతో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పాఠమంతా కళ్ళకి కడుతుంది.

ఈ వారం అభ్యాసానికి బి. విఠలాచార్య 'జగన్మోహిని' ఎంచుకోండి, 1978 సినిమా, మనవాళ్ళకి తెలియనిది కాదు. జయమాలిని దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళే పెట్టి వంట చేసే సీన్ ఉంటుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు రోజూ చేసే పని మీద అంత భయాన్ని పెట్టడానికి డబ్బు కాదు, ఊహ కావాలి. ఆ సీన్ మొదట మామూలుగా చూడండి, నవ్వొస్తే నవ్వండి. రెండోసారి ఫ్రేము ఫ్రేము నడిపి, కట్ ఎక్కడ పడింది, కాళ్ళూ మొహమూ ఒకే షాట్లో ఉన్నాయా, వెలుగు ఎటునుంచి వస్తోంది అన్నవి కాగితం మీద రాయండి. క్యాసెట్ అయితే పాజ్ మీద ఎక్కువసేపు ఉంచకండి, తిరిగే హెడ్డు ఒకేచోట రాసుకుని టేపు అరుగుతుంది.

అదే కాగితం రెండో వైపున కాపీ సంగతి రాయండి. క్యాసెట్టా డిస్కా, సర్టిఫికెట్ మీద మీటర్లెన్ని, లెక్క ప్రకారం ఎన్ని నిమిషాలు రావాలి, ఎన్ని వచ్చాయి, బొమ్మ అంచులు తెగాయా, టైటిల్స్‌లో పేర్లు సగానికి కోసుకుపోయాయా. ఒకే సినిమాకి రెండు కాపీలున్నవాళ్ళు రెండింటికీ విడివిడిగా రాయండి. నాలుగో భాగంలో క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెడతాం, అప్పుడు ఈ కాగితం పక్కనే ఉండాలి.