రాత్రి కాపలాకి నైట్ విజన్: చేతికి అలవాటు పడేదాకా ఏం చేయాలి

ఉదయగిరి పక్క మెట్టలో చెనక్కాయ వేసినోళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఊడలు దిగి కాయ గట్టిపడే టైముకి వెలిగొండ మీంచి పందులు దిగుతాయి, తెల్లారేసరికి చేనంతా ముట్టెతో దున్నిపెట్టి పోతాయి. అందుకే ఈమధ్య మంచె మీద డప్పు, బ్యాటరీ లైటు పక్కన చీకట్లో చూపించే నైట్ విజన్ పరికరం కూడా చేరింది. కొని వారం తిరక్కుండానే "ఏం కనపడట్లేదన్నా, అంతా తెల్లగా ఉంది" అని ఫోన్లు. చాలాసార్లు తప్పు పరికరానిది కాదు.

దీన్ని తుపాకీకి తగిలించి వేటాడటం ఎట్లా అని అడిగే కుర్రాళ్లకి ముందే చెప్తున్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, పంది అయినా సరే. పంట పాడుచేసే పందిని కొట్టాలన్నా సెక్షన్ 11 కింద అధికారం ఉన్న అటవీ అధికారి కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. గురి నేర్చుకోవాలనుంటే రైఫిల్ క్లబ్బులో చేరి కాగితం మీద కాల్చండి. నేను చెప్పేది చూడటం గురించే.

మార్కెట్లో తక్కువ ధరకి దొరికేవన్నీ దాదాపు డిజిటల్‌వే. లోపల కెమెరా ఉంటుంది, మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు ముందుకి కొట్టి, తిరిగొచ్చింది స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ లైటు తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లైతే దూరం బాగా వస్తుంది కానీ ఎదురుగా ఉన్నోళ్లకి సన్నగా ఎర్ర చుక్క కనిపిస్తుంది, 940 అయితే చుక్క కనపడదు, దూరం తగ్గుతుంది. థర్మల్‌ది వేరే దారి, అది వేడిని చూస్తుంది. ఎండాకాలంలో పగలంతా కాగిన బండలు రాత్రి చాలాసేపు అందులో వెలుగుతూనే ఉంటాయి, తెల్లారుజామున అయితే జంతువు స్పష్టంగా విడిపడుతుంది.

మొదటి రాత్రే చేలోకి పోవద్దు. పగలు మంచె దగ్గర్నుంచి అడుగులు కొలిచి 50, 100, 150 మీటర్ల దగ్గర కర్రలు పాతి, ఒక్కోదానికి ఖాళీ యూరియా బస్తా తొడగండి. చీకటి పడ్డాక వాటిని చూడండి. ఒంటి కన్నుతో చూసే దాంట్లో లోతు తెలియదు, అంతా గోడమీద బొమ్మలా ఉంటుంది, దగ్గర ఉన్న కుక్క దూరంగా ఉన్న దూడలా అనిపిస్తుంది. బస్తా ఏ దూరంలో ఎంత కనిపిస్తుందో తెలిస్తే మిగతావాటి సైజు అదే అర్థమవుతుంది. నాలుగు రాత్రులు ఊళ్లో గేదెల్ని, కుక్కల్ని, మేకల్ని చూస్తూ కూర్చోండి, బోరు కొట్టినా సరే. కుక్క తల ఎత్తి నడుస్తుంది, పంది ముట్టె నేలకి ఆనించి నాలుగడుగులు వేసి ఆగుతుంది. ఇంకో గుర్తు కళ్లు. కుక్క, నక్క, మేక కళ్లు లైటుకి దీపాల్లా మెరుస్తాయి. పందికి కంటి వెనక ఆ మెరుపు పొర ఉండదు, అందుకే కళ్లు వెలగలేదని ఏమీ లేదనుకోకండి.

మా బావమరిది సంగతి చెప్పాలి. మోటారు వేసుకుని పక్కచేని పెద్దాయన నల్ల కంబళి కప్పుకుని వంగి మడవ తీస్తున్నాడు. వీడు స్క్రీన్‌లో చూసి "పెద్ద పంది, ఒక్కటే ఉంది" అన్నాడు, నేనూ చూశా, నాకూ అట్లాగే అనిపించింది! అంతలో ఆయన బీడీ ముట్టించాడు, ఆ నిప్పు స్క్రీన్ మీద బల్బులా భగ్గుమంది. మా ఇద్దరికీ చెమటలు పట్టాయి. అప్పట్నుంచి ఆకారం, నడక, సైజు, ఈ మూడూ కలిస్తేనే పంది అంటాం, దానికి ముందు ఒకసారి గట్టిగా "ఎవురది?" అని కేకేస్తాం.

అంతా తెల్లగా వస్తోందంటే ఎక్కువగా రెండు కారణాలు: ఎదురుగా కొమ్మో ఆకో ఉండి లైటు దానికే తగులుతుంది, లేదా మంచు పడుతోంది. లైటు తగ్గించండి, అప్పటికీ కాకపోతే ఆపేసి చెవులతో కాపలా కాయండి. గాలి మాత్రం చేలోంచి మీ ముఖం మీదికి రావాలి, పందికి చూపు తక్కువ, ముక్కు మహా పదును. స్క్రీన్‌కి ఒకే కన్ను పెట్టండి, ఆ కన్ను మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. రెండో కన్ను దిగేటప్పుడు మెట్టు చూసుకోవడానికి.

కనిపించాక డప్పు, కేకలు, పెద్ద లైటు, అన్నీ మంచె మీంచే. పిల్లలతో ఉన్న తల్లి పంది అయితే అసలు కిందికి దిగొద్దు. గట్టు మీద నడిచేటప్పుడు పరికరం జేబులో పెట్టి మామూలు టార్చి వేసుకోండి, రక్తపింజర ఒంట్లో వేడి ఉండదు, థర్మల్‌లో నేలతో కలిసిపోతుంది. కంచెకి లైను కరెంటు కలపడం మాత్రం వద్దేవద్దు, రాత్రి మడవ కోసం వచ్చేది మనుషులే.

ఇంటికొచ్చాక సెల్స్ తీసేయండి. లెన్సు మీది తడిని తువ్వాలుతో రుద్దకుండా ఆరనిచ్చి, కళ్లద్దాల గుడ్డతో తుడవండి.