1600 మీటర్ల రన్నింగ్‌ల దమ్ము ఆగాలంటే ఏం జెయ్యాలె

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంకు పొద్దుగాల పోతే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే పోరగాళ్లు కనవడ్తరు, మొదటి రౌండ్ జోర్దార్ ఉరుకుతరు, రెండో రౌండ్‌కే రొప్పుకుంట నిలవడ్తరు. ఏమైంది తమ్మీ అంటే ఆక్సిజన్ సరిపోతలేదన్నా అంటరు. అది కాదు అసలు సంగతి. ఆరోగ్యంగ ఉన్నోళ్లకు ఉరికేటప్పుడు గూడ రక్తంల ఆక్సిజన్ పెద్దగ తగ్గదు, గట్టిగ రొప్పిపిచ్చేది కండరాలల్ల తయారయ్యే కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం. మెదడు కింది భాగంల మెడుల్లా అని ఉంటది, అక్కడ, ఇంక మెడల పెద్ద రక్తనాళాల కాడ సెన్సార్లు ఉంటయి, రక్తంల ఆమ్లం జరంత పెరిగినా కనిపెట్టి శ్వాస పెంచుతయి. మరి విజిల్ కొట్టి రెండడుగులు ఎయ్యంగనే దమ్ము ఎందుకు పెరుగుతదంటే, కాళ్లను కదిలిచ్చే మెదడే శ్వాసకు గూడ అప్పుడే ఆర్డర్ ఇస్తది, కండరాలు కీళ్ల నుంచి గూడ కబురు పోతది.

గందుకే మొదటి రౌండ్ ఆపుకొని ఉరుకుర్రి. 2022 నోటిఫికేషన్‌ల మగవాళ్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చిండ్రు, 400 మీటర్ల ట్రాక్ మీద రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు పడ్తది, మొదటిదే 1:25కు కొడితే కండరాలల్ల ఆమ్లం జమై మిగతా మూడు రౌండ్లు దమ్ముతోటే కొట్లాట.

స్టార్టింగ్ లైన్ కాడ గబగబ లోతుగ గాలి పీల్చుడు మాత్రం బంద్ చెయ్యుర్రి, దాంతోటి ఆక్సిజన్ ఏం నిల్వ గాదు, కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతది, వేళ్లు తిమ్మిరెక్కుతయి. దానికంటే ముందుగాల పది నిమిషాలు మెల్లగ జాగింగ్ చేసుడు నయం.

ఉరికేటప్పుడు గాలి పూర్తిగ ఇడ్వుర్రి, పీల్చుడు దానంతట అదే అయితది. రెండడుగులకు పీల్చి రెండడుగులకు ఇడిస్తే చానామందికి లయ కుదుర్తది, కుదరకుంటే ఇడిసిపెట్టుర్రి, అదేం రూల్ గాదు. స్పీడ్‌ల ముక్కొక్కటే సాలదు, నోరు గూడ తెరువాలె.

వారంల చానా రోజులు మాట్లాడుకుంట ఉరికేటంత మెల్లగనే పోవాలె, పానగల్ ఉదయసముద్రం కట్ట మీదనైనా సరే, అట్ల కొన్ని వారాలైతే అదే స్పీడ్‌కు ఆమ్లం తక్కువ తయారై రొప్పుడు తగ్గుతది. ఎండకాలమైతే తెల్లారంగనే కానియ్యుర్రి.

ఉరుకుడు అయిపోంగనే కూలవడకుండ ఐదు నిమిషాలు నడువుర్రి, ఆమ్లం పోయేదాంక దమ్ము ఎట్లనో ఎక్కువనే ఉంటది. ఛాతిల నొప్పి, పిల్లికూతలు, ఉరికినంక వదలని దగ్గు ఉంటే మాత్రం ఈ ముచ్చట్లన్ని పక్కకువెట్టి డాక్టర్‌కు సూపెట్టుకోర్రి.