ఇంట్లో ఉన్నదాంతో టిఫిన్లు: పులిసిన పిండి, బొంబాయి రవ్వ, బొరుగులు

బెంగళూరులో ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్‌లో వారం చివర ఫ్రిజ్ తెరిస్తే దాదాపు ఇవే కనిపిస్తాయి: సగం ప్యాకెట్ దోసె పిండి, పుల్లబడిన పెరుగు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు. డబ్బాల్లో బొంబాయి రవ్వ, పుట్నాలు, ఎప్పుడో తెచ్చిన బొరుగులు, అంటే మరమరాలు. ఇంత ఉంటే బయటి నుంచి తెప్పించుకోవలసిన పని లేదు. ఏది ముందు పాడయ్యేలా ఉందో దానితోనే మొదలుపెట్టండి. ఆ లెక్కన మొదటి వంతు ఎప్పుడూ పిండిదే. కింద కప్పు అన్నచోటల్లా 200 మి.లీ. గ్లాసు అనుకోండి.

పులిసిన పిండి

ముందు మూత తీసి చూడండి. పుల్లటి వాసన వచ్చినా, పైన కాస్త నీరు తేలినా భయం లేదు, కలిపేసుకోవచ్చు. గులాబీ, నారింజ, నలుపు రంగు చుక్కలు గానీ నూగులాంటి బూజు గానీ కనిపిస్తే మాత్రం గిన్నెడూ పారబోయాలి. పైపొర తీసేసి మిగతాది వాడదామనుకోకండి, బూజు పోగులు కంటికి ఆనకుండా లోపలికి దిగి ఉంటాయి.

పిండి దోసెలకు పనికిరానంత పుల్లబడితే పునుగులు వేసుకోవడమే మేలు. రెండు కప్పుల పిండికి మూడు చెంచాల బియ్యప్పిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి. రవ్వ నీటిని పీల్చుకుని పిండి బిగుసుకుంటుంది. జీలకర్ర, అల్లం తురుము, సన్నగా తరిగిన పచ్చిమిర్చి అప్పుడే వేయొచ్చు. ఉల్లిపాయ ముక్కలు మాత్రం మూకుడులో నూనె కాగాకే కలపాలి. ముందే కలిపితే ఉప్పుకి ఉల్లిపాయ నీరు వదిలి పిండి పలచనవుతుంది, పలచటి పిండి నూనె తాగుతుంది. ఉప్పు వేసేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి, కొన్ని ప్యాకెట్లలో ఉప్పు కలిపే ఉంటుంది.

వేళ్లతో తీస్తే పిండి ముద్దగా జారిపడాలి, ధార కట్టకూడదు. నూనె కాగిందో లేదో చూడటానికి చిటికెడు పిండి వేయండి. అడుగుకి వెళ్లి వెంటనే పైకి తేలితే సరిగ్గా ఉన్నట్టు. అడుగునే ఉండిపోతే ఇంకా కాగాలి. వేసీ వేయగానే రంగు మారితే మంట ఎక్కువైంది, అలాంటి నూనెలో పైన ఎర్రగా వేగి లోపల పచ్చిపిండి మిగులుతుంది. మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు తిప్పుతూ వేయించాలి. మూకుడు నిండా ఒకేసారి వేస్తే నూనె చల్లబడి అన్నీ జిడ్డుగా తయారవుతాయి.

మూకుడు నిండా నూనె పొయ్యడం ఇష్టం లేనివాళ్లకు గుంత పొంగనాలున్నాయి. పిండి కాస్త జారుగా ఉండాలి. గుంతకు అర చెంచా నూనె, ముప్పావు వంతు పిండి, మూత, సన్నమంట మీద మూడు నిమిషాలు. అంచులు వదలకముందే తిప్పబోతే ముక్కలవుతాయి. ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియం గుంతల పెనం వేడెక్కదు, ఆ సంగతి చూసుకుని దిగండి. పెనం లేకపోతే అడుగు మందంగా ఉన్న చిన్న మూకుడులో మూడు చెంచాల నూనె వేసి, అంగుళం మందాన పిండి పోసి, మూతపెట్టి, బాగా సన్నమంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే దిబ్బరొట్టె అవుతుంది. తిరగేసి ఇంకో ఐదు నిమిషాలు. దీనికి పిండి గట్టిగా ఉంటేనే మంచిది. మంట పెంచితే అడుగు మాడుతుంది, నడుమ ఉడకదు.

పులుపు తగ్గుతుందని కొందరు వంట సోడా వేస్తారు. చిటికెడుతో ఆపండి. మోతాదు మించితే సబ్బు రుచి తగులుతుంది, పునుగులు నూనె కూడా ఎక్కువ పీలుస్తాయి.

పిండే లేకపోతే రవ్వ ఇడ్లీ

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైనప్పుడు లాల్‌బాగ్ దగ్గరి మావళ్ళి టిఫిన్ రూమ్స్‌లో, అంటే ఎమ్‌టీఆర్‌లో, రవ్వ ఇడ్లీ పుట్టిందని చెబుతారు. చేతిలో ఉన్నదాంతో సరిపెట్టుకున్న వంట కాబట్టి ఇక్కడ దాని మాట చెప్పుకోక తప్పదు. పుల్లపెరుగు వదిలించుకోవడానికి ఇంతకన్నా మంచి దారి కూడా లేదు.

రెండు చెంచాల నెయ్యిలో ఆవాలు, శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉంటే జీడిపప్పు వేయించి, అందులోనే ఒక కప్పు బొంబాయి రవ్వ పోసి సన్నమంట మీద ఐదారు నిమిషాలు కలుపుతూ ఉండండి. కమ్మటి వాసన రావాలి, రంగు మారకూడదు. పూర్తిగా చల్లారాక కప్పు పుల్లపెరుగు, పావు కప్పు నీళ్లు, ఉప్పు కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. బిగుసుకుంటే ఇంకొంచెం నీళ్లు. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగి ఆవిరి వచ్చాకే అర టీస్పూన్ వంట సోడా కలిపి, వెంటనే రేకుల్లో పోసి పన్నెండు నిమిషాలు ఉడికించాలి.

ఇడ్లీలు రాయిలా వచ్చాయంటే కారణం మూడింట్లో ఒకటి. రవ్వ నానలేదు, లేదా సోడా కలిపి పిండిని అలా వదిలేశారు, లేదా పెరుగు తియ్యగా ఉంది. సోడా పొంగేది పెరుగులోని పులుపు వల్లే. అది లేకపోతే గాలి పుట్టదు, సోడా రుచి మాత్రం మిగులుతుంది. పెరుగు కమ్మగా ఉంటే అరచెక్క నిమ్మరసం పిండేయండి.

బొరుగులతో ఉగ్గాణి

అనంతపురం, కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఉగ్గాణి అంటే తడిపిన బొరుగులను పోపులో కలిపి చేసే టిఫిన్. బెంగళూరు కొట్లలో కడ్లెపురి అని అడిగితే బొరుగులు ఇస్తారు. ఇద్దరికి ఆరు కప్పులు కావాలి. ముందు పోపు చేసి పెట్టుకోండి, బొరుగులు తడపడం ఆఖరి పని. నూనెలో ఆవాలు, జీలకర్ర, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, రెండు ఉల్లిపాయలు, పసుపు, చివర ఒక టమాటా వేసి మగ్గించండి. మిక్సీలో అర కప్పు పుట్నాలు, రెండు చెంచాల ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు పొడి చేసి ఉంచుకోండి.

ఇప్పుడు బొరుగులు. లావు రకమైతే నీళ్లలో వేసి అర నిమిషం. పలచటి రకాన్ని ముంచీ ముంచగానే తీసేయాలి. రెండు అరచేతుల మధ్య పెట్టి నీరు పోయేలా పిండండి, కానీ ముద్ద చెయ్యకండి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా దిగి, నడుమ చిన్న పలుకు తగలాలి. అంతకుమించి నానితే పోపులో కలిపేసరికి పేస్టవుతుంది. స్టవ్ ఆర్పి బొరుగులు, పుట్నాల పొడి వేసి కలిపి, నిమ్మరసం పిండండి. బొరుగుల్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి చివర్లో రుచి చూసి వేసుకోవడమే క్షేమం. పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే ఇక అడగక్కర్లేదు.

అన్నం మిగిలితే

నిమ్మకాయ పులిహోరకు చల్లారిన అన్నమే బాగుంటుంది, వేడి అన్నం కలిపితే మెతుకు చితుకుతుంది. నిమ్మరసం పొయ్యి మీద వేయకండి, ఉడికితే చేదెక్కుతుంది. అన్నం మిగులుతుందని తెలిస్తే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రంతా బయట ఉన్న అన్నం తాలింపు వేసినంత మాత్రాన బాగైపోదు.

పప్పు ఉడకడం లేదా?

విజయవాడ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు కందిపప్పు బాగాలేదని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఉడికిస్తే ఆలస్యం తప్పదు, కుక్కర్ వాడండి. ఉప్పునీటి బోరు నీళ్లయితే పప్పు ఇంకా మొరాయిస్తుంది. పప్పు వరకు తాగే క్యాన్ నీళ్లు పోయండి. చింతపండు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వేయాలి, పులుపు తగిలితే పప్పు ఉడకదు.

తీపికి

పొయ్యి వెలిగించే ఓపిక లేకపోతే పుట్నాల ఉండలు. కప్పు పుట్నాలు, ముప్పావు కప్పు పంచదార, రెండు ఏలకులు మెత్తగా పొడి చేసి, పావు కప్పు కరిగించిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా పట్టి ఉండలు చుట్టండి. విడిపోతుంటే ఇంకో చెంచా వేడి నెయ్యి. నెయ్యి తక్కువుంటే గోరువెచ్చటి పాలు చిలకరించవచ్చు, కానీ అప్పుడు ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. పంచదార బదులు బెల్లం తురుము వేస్తే దాని తేమకే పిండి అంటుకుంటుంది, నెయ్యి సగం చాలు.