ట్రైలర్ల షెడ్డులో ఉత్పత్తి ఆపాల్సి వస్తే: ఏది ముందు, ఏది తర్వాత?

ఆర్డర్లు తగ్గిన షెడ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. చేతిలో డబ్బు ఉన్నంతకాలం ఇనుము కొంటూనే ఉంటారు. అది అయిపోయాక ఒకరోజు తాళం పడుతుంది. అప్పటికి బయానా ఇచ్చిన రైతుకు బండీ రాదు, బయానా తిరిగి రాదు. వెల్డర్లకు నెల జీతం బాకీ ఉంటుంది. సగం కట్టిన చాసిస్‌లు ఆరుబయట తుప్పు పడుతుంటాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ గిరాకీ వచ్చినా ఆ షెడ్డుకు బయానా ఇచ్చేవాళ్లుండరు. డబ్బు ఉండగానే, వరస ప్రకారం ఆపితే ఈ గతి పట్టదు.

నెల్లూరు ఆటోనగర్, కావలి, ఒంగోలు, చీమకుర్తి వైపు 5 నుంచి 25 మందితో నడిచే షెడ్ల కోసం ఈ వివరాలు. ట్రాక్టర్ ట్రైలర్లు, టిప్పింగ్ ట్రైలర్లు, వాటర్ ట్యాంకర్లు కట్టేవాళ్లకూ, కారు వెనక తగిలించే క్యాంపింగ్ ట్రైలర్లు మొదలుపెట్టినవాళ్లకూ పనికొస్తాయి.

1. ఆపే తేదీని లెక్క వేసి పెట్టుకోండి

ముందు సీజను చూడండి. నెల్లూరు వైపు పెద్ద పంట కోత మార్చి, ఏప్రిల్‌లో ఉంటుంది కాబట్టి ట్రైలర్ అడిగే రైతు జనవరి, ఫిబ్రవరిలోనే వస్తాడు. జూన్‌లో ఆర్డరు లేదని కంగారు పడక్కర్లేదు. ఫిబ్రవరి చివరికి కూడా పుస్తకంలో ఆర్డర్లు లేకపోతే అప్పుడు ఆలోచించాలి. రొయ్యల చెరువుల వాళ్లు, గ్రానైట్ క్వారీల వాళ్లు మీ ఖాతాదారులైతే ఎగుమతి మార్కెట్ మీద కూడా కన్నేసి ఉంచాలి. 2025 ఆగస్టు చివర్లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అలాంటప్పుడు చెరువు మీద ఆధారపడ్డ మనిషి కొత్త బండి మాట పక్కన పెట్టి, పాతదానికి టైర్లు మార్పించుకుంటాడు.

తర్వాత, షెడ్డు మూసి ఉన్నా నెలకు ఎంత ఖర్చవుతుందో రాయండి. ఉదాహరణకు అద్దె 25,000, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు 8,000, వాచ్‌మన్ 12,000, బ్యాంకు వడ్డీ 30,000, ఆడిటర్ 3,000 అనుకుంటే మొత్తం నెలకు 78,000 రూపాయలు. ఆరు నెలలకు 4,68,000. దీనికి తిరిగి ఇవ్వాల్సిన బయానాలు, పనివాళ్లకు ఇవ్వాల్సిన మొత్తం కలపండి. బ్యాంకులో ఉన్నదీ, తప్పకుండా వసూలయ్యేదీ కలిపి ఈ అంకెకు దిగే రోజే మీ ఆఖరి తేదీ. ఆ తర్వాత కొనే ప్రతి టన్ను ఇనుమూ ఇతరుల డబ్బుతో కొన్నట్టే.

2. కొనుగోళ్లు ముందు ఆపండి, వెల్డింగ్ చివర ఆపండి

తేదీ ఖాయమైన రోజే సీ ఛానళ్లు, చెకర్డ్ ప్లేటు, యాక్సిళ్లు, టైర్ల ఆర్డర్లు ఆపేయండి. విప్పని యాక్సిళ్లు, టైర్లు ఉంటే సరఫరాదారుతో వెంటనే మాట్లాడండి. కొత్త సరుకును కొంత కోతతోనైనా వెనక్కి తీసుకుంటారు. ఆర్నెల్లు మూలన పడి ఉంటే ముట్టుకోరు.

కొత్త బయానాలు కూడా ఆ రోజు నుంచే బంద్. ఇది చాలామందికి కష్టంగా ఉంటుంది. ఎదురుగా నోట్లు పెట్టే మనిషిని పంపించేయాలంటే మనసొప్పదు. అయినా తీసుకోకూడదు.

3. సగం కట్టిన బండ్ల లెక్క

ఒక్కో చాసిస్ మీద సుద్దతో నంబరు వేసి ఎవరి ఆర్డరు, ఎంతవరకు అయింది, ఇంకా ఏం కావాలి, దానికి ఎంత అవుతుంది అనేవి పుస్తకంలో రాయండి. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును ఈ నిర్ణయంలోకి రానివ్వకండి, చాలామంది ఇక్కడే తప్పుతారు. 2,10,000కు ఒప్పుకున్న ట్రైలర్‌కు ఇంకా 55,000 ఖర్చుంది, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు అంటే పూర్తి చేయండి. కొనేవాడు లేని బండికైతే ఆ 55,000 కూడా పెట్టకండి. చాసిస్‌కు తుప్పు ఆపే రెడాక్సైడ్ పూత కొట్టి పక్కన పెట్టండి.

పూర్తయిన ప్రతి బండికీ చాసిస్ నంబరు పంచ్ చేసి, ఫారం 21 (అమ్మకపు పత్రం), ఫారం 22 (బండి రోడ్డుకు యోగ్యమన్న పత్రం) సంతకాలతో సహా బండితో పాటే ఇచ్చేయండి. అవి లేకుండా రవాణా శాఖలో రిజిస్ట్రేషన్ కాదు. షెడ్డు మూశాక సంతకం కోసం యజమాని ఇంటి చుట్టూ తిరగాల్సిన అవస్థ కొన్నవాళ్లకు రాకూడదు.

4. బయానాలు

బండి ఇవ్వలేని వాళ్లందరికీ ఒకే వారంలో ఫోన్ చేయండి. ఒకరికి ఇచ్చి ఇంకొకరిని ఆపితే కబురు ఊళ్లు దాటుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపి, పాత రసీదు వెనక్కి తీసుకోండి. ఒకేసారి ఇవ్వలేకపోతే తేదీలతో కాగితం రాసివ్వండి, చెక్కులు మాత్రం ఇవ్వకండి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు అవుతుంది.

మీకు రావాల్సినవీ ఇప్పుడే గట్టిగా అడగాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. కాంట్రాక్టర్లు, కంపెనీలు బాకీ ఉంటే ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పెడతామని లెటర్‌హెడ్ మీద రాస్తేనే కొందరు కదులుతారు.

5. పనివాళ్లు

కనీసం నెల ముందు చెప్పండి. ఇది చట్టం మాట కూడా. ఏడాదికి తక్కువ కాకుండా నిరంతరం పనిచేసిన కార్మికుణ్ని తొలగిస్తే నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్లలోనూ ఈ లెక్క ఉంది. దీనికి తోడు ఒక్కో తొలగింపుకు 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్పే) నిధికి జమచేయాలి.

పది మంది, అంతకు మించి పనిచేసే చోట గ్రాట్యుటీ కూడా ఉంటుంది. చివరి నెల వేతనం 18,000, సర్వీసు 8 ఏళ్లు అనుకోండి. 18,000ను 15తో గుణించి, 26తో భాగించి, 8తో గుణిస్తే సుమారు 83,077 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. పీసు రేటు వెల్డర్లకు ఇవేవీ వర్తించవన్న మాట షెడ్లలో బాగా తిరుగుతుంది. దాన్ని నమ్ముకోకండి, హాజరు పుస్తకం ఆడిటర్‌కు చూపించి తేల్చుకోండి.

పీఎఫ్ ఉన్న షెడ్డయితే ప్రతి ఒక్కరికీ పోర్టల్‌లో పని మానేసిన తేదీ నమోదు చేయండి. ఈ ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే పనివాడి డబ్బు నెలలకొద్దీ కదలదు. అనుభవ ధ్రువపత్రంలో ఆర్క్ వెల్డింగ్, మిగ్ వెల్డింగ్, గ్యాస్ కటింగ్‌లో ఏవి వచ్చో విడిగా రాయండి. శ్రీ సిటీ, కృష్ణపట్నం వైపు పని వెతుక్కునే వెల్డర్‌కు అది పనికొస్తుంది.

ఎవరినైనా ఉంచుకోగలిగితే యజమాని బంధువును కాదు, ఫిట్టర్ మేస్త్రీని ఉంచుకోండి. మళ్లీ మొదలుపెట్టే రోజు డ్రాయింగుల్లో లేని కొలతలు చెప్పగలిగేది ఆయనే.

6. బ్యాంకు, జీఎస్టీ, కరెంటు, ఇన్సూరెన్సు

సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలో డ్రాయింగ్ పవర్, అంటే తీసుకోగలిగే మొత్తం, స్టాకును బట్టి ఉంటుంది. ఉత్పత్తి ఆగితే స్టాకు తగ్గుతుంది, పరిమితి పడిపోతుంది, ఖాతా ఉన్నట్టుండి మించిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే అమ్మిన ప్రతి ముక్క డబ్బూ ఆ ఖాతాలోనే వేయండి. బకాయి 90 రోజులు దాటితే నిరర్థక ఆస్తి అవుతుంది. అంతకు ముందే మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. 25 కోట్ల లోపు రుణాలున్న ఎంఎస్ఎంఈలకు పునరుద్ధరణ విధానం ఉంది, మీరే దరఖాస్తు చేసుకోవచ్చు.

జీఎస్టీలో అమ్మకం లేకపోయినా నిల్ రిటర్నులు వేస్తూనే ఉండాలి. వరసగా రెండు పీరియడ్ల జీఎస్టీఆర్-3బి రిటర్ను వేయకపోతే ఈ-వే బిల్లు ఆగిపోతుంది, మిగిలిన బండ్లు అమ్ముడైనా షెడ్డు దాటించలేరు. ఆరు నెలలు వదిలేస్తే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు.

మెషీన్లు తిరగకపోయినా కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు పడతాయి. నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్‌కు, ఒంగోలు వైపు సీపీడీసీఎల్‌కు లోడు తగ్గించమని దరఖాస్తు ఇవ్వండి. పూర్తిగా సరెండర్ చేస్తే కొత్త కనెక్షన్ ఖర్చంతా మళ్లీ మొదటి నుంచి పెట్టాలి.

ఫైర్ పాలసీ కాగితం ఒకసారి చదవండి. షెడ్డు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే కవర్ ఆగే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ముందే తెలిపి, ఒప్పుకున్నట్టు ఎండార్స్‌మెంట్ తీసుకోండి.

7. ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడం

మన తీరంలో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మిగతా నెలల్లో సముద్రపు గాలి. జాగ్రత్తలు సెప్టెంబరు లోపే పూర్తి కావాలి.

అద్దె సిలిండర్లు, అంటే ఆక్సిజన్, డీఏ (అసిటిలీన్ గ్యాస్), సీఓ2 అన్నీ వెంటనే వెనక్కి పంపి, తిరిగి ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఖాళీగా పడి ఉన్నా అద్దె నడుస్తుంది.

ఇనుము నేల మీద వద్దు. ఆరంగుళాల ఎత్తు కర్ర దుంగల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. జీఐ రేకులను ఒకదాని మీద ఒకటి తడితో అంటించి పెడితే మధ్యలో తెల్లటి పొడిలా వైట్ రస్ట్ పడుతుంది. కాస్త వాలుగా, గాలి ఆడేలా నిలబెట్టండి.

7018 వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్ విప్పితే చెమ్మ పీల్చుకుంటుంది. వాటిని తర్వాత వాడాలంటే ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంట పైన వేడి చేయాలి, ఎండలో ఆరబెడితే చాలదు. చెమ్మ రాడ్డుతో డ్రాబార్ (బండిని ట్రాక్టర్‌కు తగిలించే కడ్డీ) అతికితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పగులు మొదలై లోడు మీద తెగుతుంది. ఓవెన్ లేకపోతే విప్పిన ప్యాకెట్లు ఇప్పుడే వాడేయండి. మిగ్ వైరు చుట్టను మెషీన్ నుంచి తీసి, సిలికా జెల్ సంచులతో పాలిథిన్‌లో గట్టిగా కట్టండి. పీయూ పెయింట్ హార్డెనర్ డబ్బా ఒకసారి తెరిస్తే గాలిలోని తేమకే గట్టిపడుతుంది. దాచుకోవద్దు.

కంప్రెసర్ ట్యాంకులో నీరు వదిలేసి, కింది కాక్ తెరిచే ఉంచండి. టిప్పింగ్ జాకీ రాడ్డు పూర్తిగా లోపలికి దించి ఉండాలి. బయట ఉంటే క్రోమ్ మీద ఉప్పు గుంటలు పడతాయి, మొదటిసారి ఎత్తగానే ఆ గుంటలు సీలును కోసేస్తాయి.

అమ్ముడుకాని ట్రైలర్లను స్టాండ్ల మీదికి ఎత్తండి, టైర్ల మీద నెలలు నిలబెట్టకండి. హబ్బు విప్పి పాత గ్రీజు పూర్తిగా కడిగి, లిథియం గ్రీజు రోలర్ల మధ్యకు వేలితో నెట్టి నింపండి. రెండు రకాల గ్రీజులు కలపకూడదు, కొన్ని కలిస్తే పలచబడి కారిపోతాయి. నట్టును చక్రం తిప్పుతూ బిగించి, వెనక గాడి దాకా వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. నెలకోసారి చక్రం రెండు చుట్లు తిప్పాలి. తిప్పకపోతే రోలర్ ఆనిన గీత దగ్గరే తుప్పు పట్టి, బండి రోడ్డెక్కిన రోజున హబ్బు కాలుతుంది. బాడీ ముందు వైపు కొంచెం ఎత్తుగా ఉంటే వాన నీరు వెనక తలుపు సందు నుంచి పోతుంది.

క్యాంపింగ్ ట్రైలర్లకు ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. నీటి ట్యాంకు, పంపు, పైపులు ఖాళీ చేయాలి. గ్యాస్ సిలిండర్ తీసేయాలి. లిథియం బ్యాటరీని సుమారు సగం చార్జిలో వైర్లు విప్పి ఉంచాలి, లెడ్ బ్యాటరీనైతే పూర్తిగా చార్జి చేసి నెలనెలా మళ్లీ ఎక్కించాలి. పరుపులు నిలబెట్టి, పైకప్పు గాలి మూత దోమతెరతో కాస్త తెరిచి ఉంచండి. పూర్తిగా మూసేస్తే ప్లైవుడ్ అంచులు ఉబ్బి బూజు పడుతుంది.

8. పాత ఖాతాదారులకు ఒక కాగితం

మీ షెడ్డులో కట్టిన ప్రతి మోడల్‌కు బేరింగు నంబర్లు, ఆయిల్ సీలు సైజు, కమాన్ పట్టీల పొడవు, మందం, వరసల సంఖ్య, టైరు సైజు, టో హుక్కు పిన్ను మందం, ఏ రంగు వైరు ఏ దీపానిదో ఒక పేజీలో రాయండి. క్యాంపింగ్ ట్రైలర్‌కైతే కిటికీ కొలత, రబ్బరు బీడింగు రకం, పంపు మోడల్ కూడా. ఫోన్ నంబరున్న ప్రతి ఖాతాదారుకూ పంపండి. దీంతో ఏ ఊరి మెకానిక్ అయినా మీరు లేకుండానే బండి నడిపించగలడు. ఆపేసిన తయారీదారు బండిని జనం తుక్కు ధరకు అడగడానికి ముఖ్య కారణం ఈ వివరాలు దొరక్కపోవడమే.

తుక్కు అమ్మేటప్పుడు జిగ్గులు (ముక్కలను సరైన కొలతలో పట్టి ఉంచే చట్రాలు), టెంప్లేట్లు కలిసిపోకుండా పసుపు రంగు కొట్టి వేరుగా పెట్టండి. తూకంలో జిగ్గుకు కొన్ని వేలు వస్తాయి, దాన్ని మళ్లీ కొలిచి కట్టడానికి మేస్త్రీకి వారాలు పడుతుంది.

9. మళ్లీ తెరవాలంటే

కనీసం రెండు నెలల పనికి సరిపడా బయానాలు బ్యాంకులో పడ్డాకే తెరవండి. ముందు కరెంటు లోడు పెంపుకు దరఖాస్తు, తర్వాత మోటార్ల ఇన్సులేషన్‌ను మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం)తో పరీక్ష, కేబుళ్లను ఎలుకలు కొరికాయేమో చూడటం. మొదటిరోజు రెండు తుక్కు ముక్కలు అతికించి, విరిచి, వెల్డు లోపల రంధ్రాలున్నాయేమో చూశాకే అసలు చాసిస్ మీద చేయి వేయనివ్వండి.